ప్రాజెక్టు డైరీ: రోజువారీ పనికి కార్డ్‌లెస్ బ్రాండ్ ఎంపిక, వోల్టుల కంటే ముందు సెల్స్ లెక్క

రోజు 1: పని చార్టు

ఇద్దరు పనివాళ్లు రోజూ వాడే కార్డ్‌లెస్ టూల్స్ అన్నీ ఒకే బ్యాటరీ మీద నడవాలి. దానికి ఏ బ్రాండ్ సరిపోతుందో తేల్చడమే ఈ ప్రాజెక్టు. పనిలో ఎక్కువ భాగం ఇనప యాంగిల్స్ కోసి ఫ్రేములు చేయడం, కాంక్రీటు గోడకి యాంకర్ బోల్టులతో బిగించడం. మధ్యమధ్యలో ప్లైవుడ్ కోతలు, స్క్రూలు ఉంటాయి.

కేటలాగు తెరవక ముందే పని చార్టు వేశాం. మామూలు రోజుది కాకుండా, నెల మొత్తంలో అన్నిటికంటే బరువైన రోజుది. ఆ రోజు గ్రైండర్‌తో 40×40×5 యాంగిల్ ఎన్ని కోతలు, కాంక్రీటులో 10, 12 మి.మీ. బెజ్జాలు ఎన్ని, ఇనుములో 6 నుంచి 13 మి.మీ. బెజ్జాలు ఎన్ని, స్క్రూలు ఎన్ని, ప్లైవుడ్ ఎన్ని మీటర్లు అని ఐదు గడులు. పక్కన ఇంకో గడి: ఆ పని తల మీదికి చేతులెత్తి చేయాలా, నిలబడి నడుం ఎత్తులో చేయాలా అని.

ఈ చార్టు లేకుండా దుకాణానికి వెళ్తే చేతికి ముందుగా వచ్చేది డ్రిల్లు. డ్రిల్లు పట్టుకుని బ్రాండ్ తేల్చుకుంటే తప్పుదారి పట్టినట్టే. డ్రిల్లు, ఇంపాక్ట్ డ్రైవర్ (స్క్రూలు బిగించే టూల్) ఏ పేరున్న కంపెనీవైనా బాగానే నడుస్తాయి. తేడా బయటపడేది ఎక్కువ కరెంటు లాగే తిండిపోతు టూల్ దగ్గర. ఈ చార్టులో ఆ తిండిపోతు గ్రైండర్. కాబట్టి బ్రాండ్‌ని గ్రైండరే తేల్చాలి, మిగతా టూల్స్ దాని వెనక నడవాలి.

రోజు 2: పెట్టె మీద అంకెలు

పోల్చే ముందు అన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చాం. లిథియం అయాన్ సెల్ నామమాత్రపు వోల్టేజి 3.6. నిండుగా చార్జ్ చేస్తే 4.2. ఐదు సెల్స్ వరుసగా కలిపితే 18 వోల్టులు, నిండా ఉన్నప్పుడు 21. అందుకే డివాల్ట్ ఒక చోట 18 వోల్టులని, ఇంకో చోట 20 వోల్ట్ మ్యాక్స్ అని అమ్మే ప్యాక్‌లో ఉండేవి అవే ఐదు వరుసలు. మకీటా 40 వోల్ట్ మ్యాక్స్ అన్నది నిజానికి 36 వోల్టుల తరగతి, పది సెల్స్ వరుస. 12 వోల్ట్ మ్యాక్స్ అంటే మూడు సెల్స్, 10.8 వోల్టులు. పెద్ద అంకె చూసి ఎక్కువ పస ఉందనుకోవడానికి వీల్లేదు.

పోల్చాల్సింది వాట్-అవర్లు: వోల్టుల్ని ఆంపియర్-అవర్లతో (ఏహెచ్) హెచ్చవేస్తే వస్తాయి. 18 వోల్టుల 5 ఏహెచ్ ప్యాక్‌లో 90. 8 ఏహెచ్‌లో 144. 36 వోల్టుల 2.5 ఏహెచ్‌లోనూ 90 మాత్రమే.

విమానంలో టూల్స్ తీసుకెళ్లే పని ఉంటే ఈ అంకె ఇంకో చోట పనికొస్తుంది. విడి లిథియం బ్యాటరీ క్యాబిన్ బ్యాగులోనే వెళ్లాలి. 100 వాట్-అవర్ల లోపు అయితే విమానసంస్థ అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 వరకు కావాలి. 5 ఏహెచ్ ప్యాక్ హద్దుకి ఇవతల ఆగుతుంది. 6 ఏహెచ్ ప్యాక్ 108తో దాటిపోతుంది.

రోజు 3: సెల్స్ లెక్క (ఈ డైరీలో అసలు పేజీ ఇదే)

గ్రైండర్ బరువైన కోతలో 40 ఆంపియర్లు లాగుతోందని అనుకుందాం. 18 వోల్టుల దగ్గర అది 720 వాట్లు. ఒక్కో సెల్ లోపలి నిరోధం 20 మిల్లీ ఓములని లెక్కకి తీసుకుందాం.

ఐదు సెల్స్ ప్యాక్‌లో 40 ఆంపియర్లూ ప్రతి సెల్ గుండా పోవాలి. మొత్తం నిరోధం 100 మిల్లీ ఓములు. వోల్టేజి 4 వోల్టులు కుంగుతుంది, 160 వాట్లు వేడిగా పోతాయి. అంటే ఒక్కో సెల్ 32 వాట్ల వేడి మింగాలి.

రెండేసి సెల్స్ జతగా ఉన్న పది సెల్స్ ప్యాక్‌లో ఒక్కో సెల్ 20 ఆంపియర్లే మోస్తుంది. నిరోధం సగమై 50 మిల్లీ ఓములు. కుంగేది 2 వోల్టులు, వేడి 80 వాట్లు, సెల్‌కి 8 వాట్లు. సెల్స్ రెట్టింపైతే ఒక్కో సెల్ మీద వేడి నాలుగో వంతుకు పడిపోయింది. పదిహేను సెల్స్‌తో అది సుమారు మూడున్నర వాట్లు.

గ్రైండర్ కోత మధ్యలో ఠక్కున ఆగిపోతే చాలామంది మోటారుని తప్పుపడతారు. ఎక్కువసార్లు ఆపేది ప్యాక్. ఐదు సెల్స్ వేడెక్కి హద్దు చేరగానే రక్షణ బోర్డు కరెంటు తెంపేస్తుంది. చార్జ్ ఇంకా రెండు గీతలు చూపిస్తూ ఉంటుంది కూడా.

సెల్ సైజు కూడా రాసుకోవాలి. పాత తరం 18650 సెల్ వ్యాసం 18 మి.మీ., పొడవు 65. కొత్త తరం 21700 వ్యాసం 21, పొడవు 70. పెద్ద సెల్ నిరోధం తక్కువ, పస ఎక్కువ. 5 ఏహెచ్ ప్యాక్‌లో సాధారణంగా 2.5 ఏహెచ్ 18650 సెల్స్ పది ఉంటాయి. 4 ఏహెచ్ చిన్న ప్యాక్‌లో 21700 సెల్స్ ఐదే ఉండొచ్చు. డ్రిల్లుకి ఆ చిన్న ప్యాక్ హాయి. గ్రైండర్‌కి అది చాలదు.

ఇక 54 వోల్టుల సంగతి. డివాల్ట్ ఫ్లెక్స్‌వోల్ట్ (2016లో వచ్చింది) పదిహేను సెల్స్‌ని 18 వోల్టుల టూల్‌లో పెడితే మూడేసి జతలుగా, 54 వోల్టుల టూల్‌లో పెడితే ఒకే వరుసగా మార్చుకుంటుంది. అదే 720 వాట్లు 54 వోల్టుల దగ్గర 13.3 ఆంపియర్లు. 18 వోల్టుల దగ్గర 40 ఆంపియర్లు మూడు దారుల్లో చీలితే ఒక్కో సెల్‌కి వచ్చేదీ 13.3 ఆంపియర్లే. సెల్ మీద భారంలో ఏ తేడా లేదు. లాభం తీగలు, స్విచ్చి, టెర్మినల్స్ దగ్గర ఉంటుంది: 5 మిల్లీ ఓముల టెర్మినల్ అతుకులో 40 ఆంపియర్లకి 8 వాట్ల వేడి, 13.3 ఆంపియర్లకి ఒక వాటు కూడా ఉండదు. పెద్ద రంపాలు, 180 మి.మీ. పైబడిన గ్రైండర్లు రోజూ నడిపేవాళ్లకి ఆ లాభం ముఖ్యమే. 125 మి.మీ. గ్రైండర్‌తో సరిపోయే పనికి 18 వోల్టులు చాలు, సెల్స్ పదికి తగ్గకపోతే.

రోజు 4: డిస్క్

బ్యాటరీ లెక్కలన్నీ ఒక చిన్న వస్తువు దగ్గర తారుమారు అవుతాయి. 3 మి.మీ. కటింగ్ డిస్క్ తీసే చీలిక 1 మి.మీ. డిస్క్ చీలికకి మూడింతలు, తినే కరెంటు కూడా ఆ దామాషాలో పెరుగుతుంది. కార్డ్‌లెస్ గ్రైండర్‌కి ఇనుము కోతలో 1 మి.మీ. డిస్కే వాడాలి. దాన్ని పక్కకి వంచితే పగులుతుంది కాబట్టి గార్డు తీయకూడదు, యాంగిల్‌ని గట్టిగా బిగించి నిటారుగా కోయాలి. అరగదీయడానికి దాన్ని అస్సలు వాడకూడదు.

డిస్క్ మీద రాసిన గరిష్ఠ వేగం చూడాలి. 125 మి.మీ. డిస్క్‌కి సెకనుకు 80 మీటర్ల హద్దు అంటే నిమిషానికి సుమారు 12,200 చుట్లు. కార్డ్‌లెస్ గ్రైండర్లు చాలావరకు 9,000 చుట్ల దగ్గర తిరుగుతాయి, ప్రమాదం లేదు. కానీ డిస్క్ అరిగి 90 మి.మీ.కి వస్తే అంచు వేగం సెకనుకు 59 మీటర్ల నుంచి 42కి పడిపోతుంది. కోత మందగిస్తుంది, చెయ్యి ఇంకా నొక్కుతుంది, ప్యాక్ వేడెక్కుతుంది. అరిగిన డిస్క్‌ని చివరిదాకా వాడి మిగిల్చేది ఏమీ లేదు, అది బ్యాటరీ నుంచి పోతుంది.

డిస్క్ బిగించే స్పిండిల్ మర కూడా రాసుకున్నాం: 100 మి.మీ. గ్రైండర్లలో చాలావాటికి ఎం10, 115, 125లకి ఎం14. బాష్ తెచ్చిన ఎక్స్-లాక్ బిగింపు అయితే ఆ డిస్కులు మామూలు 22.23 మి.మీ. బిగింపు గ్రైండర్‌కి పడతాయి, మామూలు డిస్కులు మాత్రం ఎక్స్-లాక్ గ్రైండర్‌కి పడవు.

రోజు 6: బ్రాండ్ల బేరీజు

ఇక్కడ చూసింది ఒకటే: ఈ రోజు కొన్న ప్యాక్ పదేళ్ల తర్వాత కొనే టూల్‌కి పడుతుందా, పెద్ద ప్యాక్‌లు ఉన్నాయా, మన చార్టులో ఉన్న టూల్స్ అన్నీ అదే ప్యాక్ మీద దొరుకుతాయా.

మకీటా 18 వోల్టుల ఎల్‌ఎక్స్‌టీ 2005 నుంచి ఉంది. టూల్స్ జాబితా చాలా పెద్దది. పెద్ద టూల్స్‌కి రెండు 18 వోల్టుల ప్యాక్‌లు కలిపి 36 చేసే ఏర్పాటు ఉంది. గమనించాల్సినవి రెండు. పసుపు రంగు టెర్మినల్ ఉన్న కొత్త టూల్స్‌కి నక్షత్రం గుర్తు లేని పాత ప్యాక్‌లు పడవు. 40 వోల్ట్ మ్యాక్స్ ఎక్స్‌జీటీ ప్యాక్‌లు ఎల్‌ఎక్స్‌టీతో కలవవు. వడ్రంగం ప్రధానంగా ఉన్నవాళ్లకి ఇదే మొదటి ఎంపిక కావాలి.

మిల్వాకీ 18 వోల్టుల ఎం18 2008లో వచ్చింది, పక్కన 12 వోల్టుల ఎం12. పైపు, కరెంటు పనివాళ్లకి ప్రెస్ టూల్స్, క్రింపర్లు, కేబుల్ కట్టర్లు ఇంత లోతుగా ఉన్నవి తక్కువ.

మెటాబో ముందుండి నడిపే సీఏఎస్ కూటమిలో మఫెల్, రోథెన్‌బెర్గర్ లాంటి కంపెనీల టూల్స్ ఒకే ప్యాక్ మీద నడుస్తాయి. బాష్ ఆంప్‌షేర్ కూడా అలాంటిదే, అందులో ఫైన్ ఉంది. ఒక కంపెనీ చెయ్యని ప్రత్యేక టూల్‌ని ఇంకో కంపెనీ చేసిపెడుతుందన్నది కూటమి లాభం.

హైకోకీ మల్టీవోల్ట్ ప్యాక్ 36 వోల్టుల 2.5 ఏహెచ్‌గానూ, 18 వోల్టుల 5 ఏహెచ్‌గానూ పనిచేస్తుంది. ఆలోచన ఫ్లెక్స్‌వోల్ట్ లాంటిదే.

ఒకే పేరు మీద రెండు కుటుంబాలుంటే జాగ్రత్త. బాష్ ఆకుపచ్చ టూల్స్ (ఇంటి వాడకానివి) ప్యాక్‌లు నీలం రంగు ప్రొఫెషనల్ టూల్స్‌కి పడవు. రెండూ 18 వోల్టులే.

చార్టుకి తగినవి రెండు మిగిలాయి: డివాల్ట్ 18/54, బాష్ ప్రొఫెషనల్ 18. చివరికి బాష్ వైపు మొగ్గాం. కారణం ప్యాక్‌ల వరుస: బాష్ ప్రోకోర్ ప్యాక్‌లు 4, 8, 12 ఏహెచ్‌లలో 21700 సెల్స్ ఐదు, పది, పదిహేను ఉంటాయి. మూడూ 18 వోల్టులే కాబట్టి ఏ ప్యాక్ ఏ టూల్‌కి పడుతుందన్న గందరగోళం ఉండదు. ఫ్లెక్స్‌వోల్ట్‌లో పెద్ద ప్యాక్ చిన్న టూల్‌కి పడుతుంది, 18 వోల్టుల మామూలు ప్యాక్ 54 వోల్టుల టూల్‌కి పడదు. ఇద్దరు మనుషులు హడావిడిగా ప్యాక్‌లు మార్చుకునే చోట అది రోజూ ఎదురయ్యే చికాకు. 180, 230 మి.మీ. కోతలు చార్టులో ఉండి ఉంటే తీర్పు డివాల్ట్ వైపు వెళ్లేది.

రోజు 7: సర్వీసు పరీక్ష

పై నిర్ణయం ఒక షరతు మీద నిలబడింది. సర్వీసు సెంటర్‌కి వెళ్లి "సర్వీసు ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. అడగాల్సింది విడిభాగం నంబరు. టూల్ విడిభాగాల బొమ్మ కాగితం తీసి ఈ భాగాలు అల్మారాలో ఉన్నాయా అని అడగాలి: గ్రైండర్ స్విచ్చి, గ్రైండర్ గేర్ జత, హ్యామర్ (కాంక్రీటు తొలిచే టూల్) ఓ-రింగులు, హ్యామర్ గ్రీజు, డ్రిల్లు చక్, కార్బన్ బ్రష్‌లు (బ్రష్ ఉన్న మోటారు అయితే). ఆరులో నాలుగు చేతికి ఇవ్వలేకపోతే ఆ బ్రాండ్ ఎంత గొప్పదైనా రోజువారీ పనికి వద్దు. టూల్ మూలన పడున్న రోజు కూలి ఎవరూ తిరిగివ్వరు.

బ్రష్‌లెస్ టూల్స్ గురించి ఒక మాట. వాటికి బ్రష్‌లు మార్చే పని లేదు, అదే పనికి ప్యాక్ ఎక్కువసేపు వస్తుంది. కానీ చాలా మోడల్స్‌లో స్టేటరు (మోటారులో కదలని భాగం), కంట్రోల్ బోర్డు, స్విచ్చి ఒకే ముక్కగా వస్తాయి. స్విచ్చి పోతే ముక్కంతా మార్చాలి. కొనక ముందే ఆ ముక్క విడిగా దొరుకుతుందో లేదో ఆ కాగితంలో చూసుకోవాలి.

రోజు 8: నకిలీ ప్యాక్ పట్టుకోవడం

తూకం చాలు. ఒక 18650 సెల్ 45 నుంచి 48 గ్రాములు. పది సెల్స్ ఉంటే సెల్స్ బరువే 450 గ్రాములు దాటాలి, డబ్బా, బోర్డు కలిపి 600 పైన ఉండాలి. "6 ఏహెచ్" అని రాసి 400 గ్రాములు తూగితే లోపల ఐదే సెల్స్ ఉన్నట్టు. 18650 సెల్ సాధారణంగా 3.5 ఏహెచ్ దగ్గర ఆగుతుంది, కాబట్టి అలాంటి పది సెల్స్‌తో 7 ఏహెచ్‌ని పెద్దగా దాటడం కష్టం. ఆ సైజు డబ్బా మీద 9 అని రాసుంటే చదవడం మానేయొచ్చు.

ఒక బ్రాండ్ ప్యాక్‌ని ఇంకో బ్రాండ్ టూల్‌కి తగిలించే అడాప్టర్లు చూశాం, వద్దనుకున్నాం. కొన్ని సిస్టమ్స్‌లో చార్జ్ అయిపోయినప్పుడు ఆపే పని బ్యాటరీది కాదు, టూల్‌ది. మధ్యలో ఉన్న చిన్న టెర్మినల్ ద్వారా టూల్ ఆ సమాచారం తీసుకుంటుంది. అడాప్టర్ ఆ టెర్మినల్‌ని కలపదు. టూల్ తిరుగుతూనే ఉంటుంది, సెల్స్ 2.5 వోల్టుల కిందికి దిగుతాయి. అలా జరిగితే ఆ ప్యాక్‌ని చార్జర్ ఒప్పుకోకపోవచ్చు.

రోజు 10: ప్యాక్‌లు ఎన్ని

చార్టులో ప్రతి పనికీ వాట్-అవర్లు తేల్చాం. పద్ధతి సులువు: నిండు ప్యాక్ పెట్టి ఆగిపోయేదాకా ఒకే పని చేసి లెక్కపెట్టడం. ఉదాహరణకి 90 వాట్-అవర్ల ప్యాక్‌తో 45 బెజ్జాలు వస్తే బెజ్జానికి 2. బరువైన రోజున 100 బెజ్జాలుంటే 200 వాట్-అవర్లు. గ్రైండర్‌కీ అలాగే. కూడిన మొత్తాన్ని పావు వంతు పెంచాలి: ప్యాక్ పాతబడుతుంది, చలిలో తక్కువ ఇస్తుంది.

40 ఆంపియర్లు ఎడతెగకుండా లాగితే 5 ఏహెచ్ ప్యాక్ ఏడున్నర నిమిషాలు, 8 ఏహెచ్ ప్యాక్ 12 నిమిషాలు. నిజం పనిలో కోతకీ కోతకీ మధ్య విరామం ఉంటుంది కాబట్టి ఎక్కువే వస్తుంది, కానీ గ్రైండర్‌కి ఒకే ప్యాక్ ఎప్పుడూ చాలదు. మూడు పెట్టాలి: ఒకటి టూల్‌లో, ఒకటి చార్జర్‌లో, ఒకటి చల్లారుతూ. ఆ మూడోదే చాలామంది మర్చిపోతారు. వేడి ప్యాక్‌ని చార్జర్‌లో పెడితే అది చల్లారేదాకా చార్జ్ మొదలవదు, చార్జర్ ఖాళీగా కూర్చుంటుంది.

చార్జర్ మీద ఆంపియర్లు చూడాలి. 5 ఏహెచ్ ప్యాక్‌కి 3 ఆంపియర్ల చార్జర్‌తో దాదాపు రెండు గంటలు, 9 ఆంపియర్లతో ముప్పావు గంట. కిట్‌తో వచ్చే చార్జర్ తరచూ నెమ్మది రకం.

తుది జాబితా: 8 ఏహెచ్ మూడు, 4 ఏహెచ్ నాలుగు, వేగం చార్జర్లు రెండు. 12 ఏహెచ్ తీసుకోలేదు. గ్రైండర్ వెనక ఆ బరువు వేలాడితే మణికట్టు రోజంతా మోయాలి.

రోజు 13: చేతిలో పరీక్ష

గ్రైండర్: వదిలితే ఆగే ప్యాడిల్ స్విచ్చి తీసుకున్నాం, జరిపి లాక్ చేసేది వద్దనుకున్నాం. బ్రేక్ ఉండాలి. స్విచ్చి ఆన్‌లో ఉండగా ప్యాక్ పెడితే తిరగకూడదు, ఇది అక్కడే పెట్టి చూడాలి.

హ్యామర్: ఎస్‌డీఎస్ ప్లస్ (బిట్ పట్టు రకం), దెబ్బకి 2 జౌళ్ల తరగతి. 10, 12 మి.మీ. బెజ్జాలకి సరిపోతుంది. 16 మి.మీ. పైన రోజూ వేయాల్సి వస్తే ఇది చిన్నదే. బిట్ మొదలుకి ప్రతిరోజూ కొంచెం గ్రీజు రాయాలి. బిట్ కొన మొద్దుబారితే బెజ్జం ఆలస్యమవుతుంది, నొక్కేకొద్దీ దెబ్బ తగ్గుతుంది. లోపల కడ్డీ తగిలితే బిట్ ఒక్కసారి బిగుసుకుని టూల్ తిరగబడుతుంది. అందుకే తిరగబడటాన్ని పసిగట్టి మోటారు ఆపే సెన్సర్ ఉన్న మోడలే జాబితాలో ఉంచాం.

కుదుపు లెక్క కూడా వేశాం. ఐరోపా నిబంధన 2002/44 ప్రకారం ఎనిమిది గంటల సగటున 2.5 మీ/సె² దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 5 దాటకూడదు. టూల్ కుదుపు విలువ 10 అయితే అరగంటకే 2.5 నిండుతుంది, రెండు గంటలకి 5. ఇద్దరి మధ్య హ్యామర్ పని పంచడానికి ఈ లెక్కే ఆధారం.

డ్రిల్లు: 100 న్యూటన్ మీటర్లు దాటిన డ్రిల్లుని పక్క పిడి లేకుండా వాడితే మణికట్టు విరగొచ్చు. ఇనుములో 13 మి.మీ. బెజ్జానికి ముందు 5 మి.మీ. తొలిచి, మొదటి గేరులో, నూనె చుక్కలతో వేయాలి. మొదటి గేరు మర్చిపోతే మోటారు పొగ వాసన వస్తుంది.

ఇంపాక్ట్ డ్రైవర్, రంపం గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. రెండూ సరిగ్గానే ఉన్నాయి.

రోజు 15: వాడకం మొదలు

ప్యాక్‌లన్నిటికీ పెయింట్ పెన్నుతో 1 నుంచి 7 వరకు నంబర్లు, మొదలుపెట్టిన నెల రాశాం. నిండు చార్జ్ తర్వాత వోల్టేజి మీటరుతో చూసి పుస్తకంలో ఎక్కించాం: 20.5 నుంచి 21 మధ్య ఉండాలి. నెలకోసారి మళ్లీ చూడాలి. చార్జర్ నిండిందని చెప్పాక కూడా ఒక ప్యాక్ 20 దాటకపోతే లోపల ఒక జత కుంగినట్టు, వారంటీ ఉండగానే పంపేయాలి.

సాయంత్రం పని: గ్రైండర్ గాలి రంధ్రాల్లోంచి పొడి గాలి ఊదడం. బ్రష్‌లెస్ మోటారు రోటరులో (తిరిగే భాగంలో) అయస్కాంతాలుంటాయి, ఇనప రజను వెళ్లి అతుక్కుంటుంది. బోర్డు మీద పేరుకుంటే షార్ట్ అవుతుంది. ప్యాక్ తీసినప్పుడు టెర్మినల్స్ కిందికి ఉండేలా రజను మీద పెట్టకూడదు. టెర్మినల్స్ నల్లబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది వాడాలి. ఉప్పుకాగితం రుద్దితే పైపూత పోయి మరుసటి నెలకి ఇంకా కాలుతుంది.

వారాల తరబడి వాడని ప్యాక్‌లు సగం చార్జ్‌తో, నీడలో. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు.

30వ రోజుకి చూడాల్సినవి: 8 ఏహెచ్ ప్యాక్‌ల వోల్టేజి, గ్రైండర్ గేర్ డబ్బా వేడి, హ్యామర్ బిట్ పట్టులో వదులు, పక్క పిడి బోల్టు బిగువు.